టోపీ లేని పాటగాడు

అమెరికాలో పిల్లల తల్లుల జీవితం సగం పార్కింగ్ లాట్లలోనే గడిచిపోతుంది. మా అమ్మాయి వాలీబాల్‌లో చేరిన ఏడాది నా శనివారాలన్నీ డర్హమ్‌లో ఒక జిమ్ ముందు, కార్లోనే తెల్లారాయి. మోరిస్‌విల్ నుంచి అదేమంత దూరం కాదు. అయినా పిల్లని దించి ఇంటికి వెళ్ళి, కాఫీ పెట్టుకునేలోపు మళ్ళీ బయల్దేరాలి. తోటి తల్లులు మడత కుర్చీలు తెచ్చుకుని లోపల కూర్చుని చప్పట్లు కొట్టేవారు. నాకు ఆ ఓపిక లేదు. బంతి అటు వెళ్ళినందుకు ఒకసారి, ఇటు వచ్చినందుకు ఒకసారి చప్పట్లు కొట్టడం నా వల్ల కాదు.

ఒక శనివారం బాత్రూమ్ వెతుక్కుంటూ రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న పాత ఇటుకల గోడౌన్‌లోకి వెళ్ళాను. ఒకప్పుడు అందులో పొగాకు వేలంపాటలు జరిగేవట. లోపల అడుగు పెట్టగానే, చెక్కకీ ఇటుకకీ పట్టిన తీపి ఘాటు ముక్కుకి తగిలింది. మాది ఒంగోలు వైపు. పొగాకు ఎండబెట్టే బ్యారన్ కొట్ల వాసన తెలియని పిల్లలు మా వైపు ఉండరు. ఇన్నేళ్ళుగా ఈ రాష్ట్రంలో ఉంటూ ఇండియన్ స్టోర్లు, గుళ్ళు, బిర్యానీ హోటళ్ళు అన్నీ తిరిగాను గానీ, మా ఊరి వాసన ఇంత దగ్గర్లో ఉందని నాకు తెలియనే తెలియదు. వచ్చిన పని మర్చిపోయి కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇప్పుడా గోడౌన్‌ని గదులు గదులుగా చేసి కుండలు చేసేవాళ్ళకీ, సైకిళ్ళు బాగుచేసేవాళ్ళకీ ఇచ్చారు. చివరి గది స్క్రీన్ ప్రింటింగ్ చేసుకునేవాళ్ళది. ఆ గది గోడల నిండా మనుషులే. టోపీలు పెట్టుకుని, గిటార్లు పట్టుకున్న నల్లజాతి పాటగాళ్ళు. ఒకాయన కోటు పసుపుపచ్చ, వెనక ఆకాశం మాత్రం బాత్రూమ్ టైల్స్ ఆకుపచ్చ. ఈకల టోపీ, ముత్యాల దండ వేసుకున్న ఒకావిడ నోరు తెరిచి పాడుతుంటే, ఆ నోట్లోంచి అక్షరాలు చీమల బారులా బయలుదేరి బొమ్మ చుట్టూ తిరిగి, చోటు చాలక చివరి మాట మూలలో నిలువుగా నిలబడింది. ఇంకొకాయన గిటారు మరీ చిన్నది, వేళ్ళు మరీ పెద్దవి. బొమ్మలు వేయడం ఎక్కడా నేర్చుకోని మనిషి వేసిన బొమ్మలని చూడగానే తెలుస్తోంది. అయినా దాటి పోలేకపోయాను. గోడ మీద ఉన్నవాళ్ళందరూ నావైపే చూస్తున్నారు, చూపు లేదని నల్ల కళ్ళద్దాలు పెట్టిన ఒకాయనతో సహా.

వాళ్ళ ముందు నిలబడి ఒక పెద్దావిడ ల్యాప్‌టాప్‌ని తిడుతోంది. ఎనభై దాటి ఉంటాయి. పొట్టిగా, గుండ్రంగా, రెండు మోకాళ్ళకీ పట్టీలు, ఏప్రన్ నిండా రంగు మరకలు. నన్ను ఎగాదిగా చూసి, "నీకు కంప్యూటర్ వచ్చా, బేబీ?" అని అడిగింది.

ఈ దేశంలో మా మొహం చూసి ఆ ప్రశ్న వేయనివాళ్ళు తక్కువ. రాదని చెబుదామనే నోటిదాకా వచ్చింది. నలభై ఆరేళ్ళ దాన్ని పట్టుకుని బేబీ అన్నందుకో ఏమో, వచ్చని చెప్పాను. అంతే. ఆ రోజు నుంచి నా శనివారాలు ఆవిడవైపోయాయి.

ఆవిడ జీవితమంతా ఒక స్కూల్లో పిల్లలకి వండిపెట్టి రిటైరైంది. అంతకు ముందు గీసిన బొమ్మంటూ లేదు. వాళ్ళ చర్చి వాళ్ళు డబ్బు పోగుచేయడానికి చేపలు వేయించి అమ్మేరోజున బోర్డు రాయమంటే, అక్షరాల పక్కన ఒక చేప కూడా వేసిందట. చేప బాగుందని అందరూ మెచ్చుకున్నారు. మరుసటి వారం ఒక పాటగాణ్ణి వేసింది. ఇక ఆగలేదు. తన చిన్నప్పుడు పెద్దవాళ్ళు ఎవరెవరి పాటల గురించి చెప్పుకునేవారో, ఎవరి రికార్డులు అరిగిపోయేదాకా వినేవారో, వాళ్ళందరికీ తలా ఒక పోస్టర్. "వాళ్ళ కాలంలో కచేరీలకి కాగితాలు అతికించారు. అవన్నీ వానకి పోయాయి. అందుకని నేను ప్లైవుడ్ మీద వేస్తాను" అని చెప్పేది. ఆవిడ మాటల్ని నా తెలుగులోకి దించి రాస్తున్నాను. అసలు మాటల్లో ఉన్న సాగదీత నా చేతకాదు.

రంగులు కొనడంలో ఆవిడది ఒక పద్ధతి. హార్డ్‌వేర్ షాపులో ఎవరో అడిగిన రంగు కలపబోయి తప్పు కలిపిన డబ్బాలు ఒక మూల పెడతారు. ఆవిడ అవి మాత్రమే కొంటుంది. అందుకే ఆవిడ పాటగాళ్ళ ఒంటిమీద ఎవరి పడగ్గదికో వేయించాల్సిన గులాబీ కోట్లు, ఎవరి వంటింటికో నచ్చని ఊదా ప్యాంట్లు ఉంటాయి. నా పని చెక్క మీద బొమ్మని ఫొటో తీసి, కంప్యూటర్లో ఒక్కో రంగునీ విడదీయడం. రంగుకొక స్క్రీన్. దాని మీద రంగు పోసి, రబ్బరు పలకతో ఇవతలికి లాగితే కింద కాగితం మీద అచ్చు పడుతుంది. మన ఇళ్ళల్లో నేల కడిగి వైపర్‌తో నీళ్ళు లాగుతామే, అదే లాగుడు. ఆఫీసులో ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. వారమంతా ఆ పని చేసి, శనివారం చేతులకి రంగు పూసుకుని ఇంటికొస్తే నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. మా అమ్మాయి వాలీబాల్ మానేసి డిబేట్‌లో చేరింది, నేను మాత్రం శనివారాలు మానలేదు.

బ్లూస్ సంగీతం గురించి నాకు పెద్దగా తెలియదు, ఇప్పటికీ. ప్రింట్లు ఆరేలోపు ఆవిడ పాత రికార్డులు వినిపించేది. ఒకే మాట రెండుసార్లు పాడతారు, మూడోసారి దానికి జవాబు చెబుతారు. మా అత్తయ్యా అంతే. ఏ సంగతైనా రెండుసార్లు అదే మాటల్లో చెప్పి, మూడోసారి తీర్పు చెబుతారు. అది ఆవిడకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, "మీ అత్తగారిని ఒకసారి చూడాలి" అంది.

పోస్టర్‌కి ఆవిడ పెట్టుకున్న నియమాలు మూడే. మనిషి తలకి టోపీ ఉండాలి, ఎందుకంటే ఆ రోజుల్లో వీధిలోకొచ్చి పాడేవాళ్ళెవరూ టోపీ లేకుండా రాలేదు. కళ్ళు ఎదుటివాణ్ణి సూటిగా చూడాలి, పోస్టర్ అంటే దారిన పోయేవాణ్ణి నిలేయాలి కాబట్టి. అడుగున పేరు రాయాలి, పెద్దక్షరాల్లో, వీధి చివరికి కనపడేలా. ఈ మూడూ తప్పిన ప్లైవుడ్ పలక ఒక్కటే ఒకటి ఆ గదిలో ఉండేది. దాన్ని ఎప్పుడూ గోడవైపు తిప్పి పెట్టేది.

అది వాళ్ళ నాన్న బొమ్మ. ఆయన పొగాకు ఫ్యాక్టరీలో ఆకు నుంచి ఈనెలు తీసే పని చేసేవాడట. వేలంపాటల సీజన్‌లో శనివారం వచ్చిందంటే, పంట అమ్ముకున్న రైతుల చేతుల్లో నాలుగు డబ్బులు ఆడుతుంటాయని, సామాను దింపే అరుగు మీద కూర్చుని గిటారు వాయిస్తూ పాడేవాడు. అలా పాడిన కొందరిని ఎవరో పిలిచి రికార్డులు తీశారు. ఆయన్నెవరూ పిలవలేదు. ఫొటో కూడా తీయలేదు. ఈవిడకి ఇంకా పాలపళ్ళు ఊడుతున్న వయసులో ఆయన పోయాడు. అన్నలూ అక్కలూ అందరూ వెళ్ళిపోయి ఇప్పుడు ఆవిడ ఒక్కతే మిగిలింది.

ఒక రోజు ఆవిడ ఆ పలక నావైపు తిప్పి చూపించింది. గోధుమరంగు చొక్కా, ఒళ్ళో గిటారు, వెడల్పాటి నుదురు. టోపీ లేదు. ఇంటి గుమ్మంలోకి రాగానే మేకుకి తగిలించేవాడు కాబట్టి టోపీతో ఆయన మొహం తనకి గుర్తు లేదంది. అడుగున పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"ఈ కళ్ళు కుదరడం లేదు. ఎన్నిసార్లు చెరిపి వేశానో. వాళ్ళందరూ నన్ను చూస్తారు, ఈయన చూడడు. చూపు నిలబెడదామనుకుంటాను, బ్రష్ కిందికి జారిపోతుంది. నా చెయ్యి మర్చిపోయిందేమో. నేను ఆయన్ని మర్చిపోయానేమో."

బాగుందండీ, బొమ్మ చాలా బాగుంది అన్నాను. ఆ పరిస్థితిలో ఎవరైనా అనేదే.

"బాగుంటే సరా? ఇది మా నాన్నే అని చెప్పడానికి భూమ్మీద ఒక్క మనిషి లేడు. ఎవరో ఒక మంచి మొహం వేసి, ఇదే మా నాన్న అని ఊరందరికీ చూపించనా? పేరు రాస్తే ఒట్టు పెట్టినట్టు, బేబీ."

అలాంటి సమయంలో ఊరి లైబ్రరీ వాళ్ళ కబురు వచ్చింది. వసంతంలో ఆవిడ పోస్టర్లన్నీ, చెక్క మీద వేసిన అసలు బొమ్మలతో సహా, గోడకి వరసగా పెడతామన్నారు. ఆవిడకి జీవితంలో అంతకన్నా పెద్ద కోరిక లేదు. ఆ వరస చివర వాళ్ళ నాన్న ఉండాలి. కానీ ఆయనే అని నమ్మకం కుదిరితేనే ఉండాలి. కుదరకపోతే ఆ పలక మీద తెల్ల రంగు పూసేస్తానంది. ఊరికే అనే మనిషి కాదు ఆవిడ. ముందు ఫొటో తీసి పెట్టుకుందాం, తర్వాత ఆలోచిద్దాం అని బతిమాలి, వాళ్ళ నాన్నతో బాటు ఇంకో నలుగురు పాటగాళ్ళని దుప్పట్లలో చుట్టి కారు డిక్కీలో వేసుకుని మా ఇంటికి తెచ్చాను.

మా ఇంట్లో ఫొటోలు తీయడానికి పనికొచ్చే వెలుతురు ఒక్క డైనింగ్ రూమ్‌లోనే ఉంది. అందరిళ్ళలాగే మేమూ అందులో ఎప్పుడూ భోజనం చేయం. దాన్ని ఆనుకుని ఉన్న చిన్న స్టోర్ గదిని పూజగది చేశాం. ఎదురు గోడకి మామయ్యగారి ఫొటో ఉంటుంది. దాని కింద పొడుగాటి బల్ల మీద అయిదు పలకలూ వరసగా ఆనించి, మామయ్యగారి ఫొటోకి సరిగ్గా దిగువన పెద్దావిడ నాన్నని పెట్టాను. కావాలని పెట్టింది కాదు, కిటికీ వెలుతురు అక్కడ బాగా పడుతుందని.

మామయ్యగారు పోయాక అత్తయ్య మాతోనే ఉంటున్నారు. శుక్రవారం తలంటు పోసుకుని, పూజ చేసుకుని, ఆఖరున మామయ్యగారి ఫొటో అద్దం తుడిచి గంధం, కుంకుమ పెడతారు. తను పెట్టుకోవడం మానేసిన కుంకుమ ఆయనకి మాత్రం వారం తప్పకుండా పెడతారు. మీరూ పెట్టుకోండి అత్తయ్యా, ఎవరేమంటారు అని నేను చాలాసార్లు పోట్లాడాను. నా మాట వింటే ఆవిడ మా అత్తయ్య ఎందుకవుతారు?

ఆ శుక్రవారం నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య కాఫీ కోసం కిందికి దిగితే అగరొత్తుల వాసన మామూలుకన్నా ఘాటుగా వచ్చింది. డైనింగ్ రూమ్‌లోకి తొంగి చూశాను. పెద్దావిడ నాన్న వెడల్పాటి నుదుటి మధ్యలో గంధం, గంధం మీద ఎర్రగా, గుండ్రంగా, తడిగా కుంకుమ బొట్టు. ముందు మా పెరటి కెమీలియా పువ్వు.

"అత్తయ్యా! ఇదేం పనండీ?"

పూజగదిలోంచి తాపీగా వచ్చారు. "ఏం పనేవిటే? శుక్రవారం గదా. మీ మామయ్యకి పెట్టాను, కిందనున్నాయనకీ పెట్టాను. పంక్తిలో ఒకళ్ళకి వడ్డించి ఒకళ్ళని వదిలేస్తావా?"

"ఆయన మన బంధువు కాదండీ!"

"కాకపోతే మనింటి గోడకి ఆనుకుని ఎందుకున్నాడూ?"

"కొంపదీసి మిగతావాళ్ళకీ పెట్టారా?"

"వాళ్ళకెందుకు పెడతాను?" అన్నారు, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు.

ఇంకేదో చెప్పబోయారు గానీ వినే స్థితిలో నేను లేను. మిగతా నలుగురికీ కనుబొమల దాకా టోపీలు, నుదురు కనిపించక బతికిపోయారు అనుకున్నాను. దూదిపుల్ల తడిపి బొట్టు అంచుని అద్దాను. గోడలకి వేసే రంగు కదా, నీళ్ళని తాగేసింది. ఎరుపు కొంచెం కిందికి పాకింది. అక్కడితో ఆపేశాను.

మా ఆయన వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని పరిశీలించారు. "ప్రింట్స్‌కి ప్రాబ్లం లేదు, ఫొటోలో ఎరేజ్ చేసెయ్. ఒరిజినల్ మీద ఆవిణ్ణే ఇంకో కోట్ వేసుకోమను. సింపుల్" అన్నారు. ఆ పెద్దావిడకి తన బొమ్మ మీదే నమ్మకం లేదు, తెల్ల రంగు పూయడానికి సాకు వెతుక్కుంటోంది, ఇది చూస్తే అయిపోయినట్టే అని ఎలా చెప్పను? స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయి ఇంకాస్త ఆజ్యం పోసింది.

"నానమ్మా, నువ్వు అలా తెలియని వాళ్ళకి బొట్టు పెట్టకూడదు. అది సంబడీస్ ఆర్ట్!"

అత్తయ్య మొహం చిన్నబోయింది. అప్పటిదాకా ఆవిడకి తను తప్పు చేసినట్టు తోచలేదు. "చెడిపోయిందా అమ్మాయ్, నిజంగానే?" అని రెండుసార్లు అడిగారు. మూడోసారి అడగలేదు. "ఆవిణ్ణి తీసుకురా. నేనే చెప్పుకుంటాను" అన్నారు.

ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. చెప్పడం అయ్యాక, "ఎవరూ ముట్టుకోకండి. రేపొచ్చి తీసుకెళ్ళు నన్ను" అని పెట్టేసింది. కోపమో బాధో గొంతులో పట్టుకోలేకపోయాను.

మర్నాడు ఆవిణ్ణి కార్లో ఎక్కించుకున్నాను. ఒళ్ళో గుడ్డ సంచి. ఆ నుదుటి రంగు కోసం ఇంట్లో డబ్బాలన్నీ వెతికానని, దొరికిందని చెప్పింది. ఆ పైన దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మా ఇంట్లో అత్తయ్య పొద్దున్నించీ వంటింట్లోనే ఉన్నారు. పులిహోర, గారెలు, సేమ్యా పాయసం. తప్పు ఎంత పెద్దదనిపిస్తే మా అత్తయ్య అన్ని వంటలు చేస్తారు. మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి, ఆవిడ రాగానే రెండు చేతులూ జోడించారు. ఆవిడ ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది గానీ, కళ్ళు అప్పటికే డైనింగ్ రూమ్ వైపు వెళ్ళిపోయాయి.

పలక ముందు నిలబడి చూసింది. నేను తడిపి పాడుచేసిన అంచుని కూడా చూసింది.

"ఇదెందుకు పెడతారు?"

ఇంట్లో పెద్దవాళ్ళు పోతే వాళ్ళ ఫొటోకి పెడతాం అన్నాను. పైనున్న మామయ్యగారిని చూపించాను. ఆయన నుదుటి మీదా అదే గంధం, అదే ఎరుపు. ఆవిడ ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూసింది.

"నావాళ్ళు అయిదుగురున్నారు ఇక్కడ. ఈయన ఒక్కడికే ఎందుకు పెట్టింది?"

"మిగతావాళ్ళకి టోపీలున్నాయి కదండీ. పెట్టడానికి చోటు లేదు" అన్నాను. ఆ మాటకి కొంచెం నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నిన్ను కాదు. ఆవిణ్ణి అడుగు."

అడిగాను. టోపీల సంగతి కూడా చెప్పాను. అత్తయ్యకి అంత భయంలోనూ నామీద చిరాకు ఆగలేదు.

"టోపీ ఏవిటే? బొట్టు పెట్టాలనుకుంటే చోటుకేం తక్కువ? దసరాకి మీ కారు టైర్లకి పెట్టట్లా? టోపీకే పెట్టేదాన్ని. వాళ్ళు పాటకచేరీ వాళ్ళు. మనకేసే చూస్తున్నారు, మొదలెట్టమంటారా అన్నట్టు. ఈయన మనకేసి చూడట్లేదు గదా. కిందికి చూస్తున్నాడు. చూడు సరిగ్గా. ఆ మోకాలి దగ్గర ఎవరో చిన్నపిల్ల నిలబడుంది. ఏదో అడుగుతోంది. ఆ పిల్లకేసి చూస్తున్నాడు. ఈయనెవరి నాన్నో గదా! ఆమాత్రం తెలీదూ? అందుకని పెట్టాను."

నేను అప్పుడు చూశాను, అన్ని వారాల తర్వాత. రెప్పలు కిందికి వాలి ఉన్నాయి. కంటిపాపలు గిటారు మీద లేవు, ఎదుట నిలబడ్డ మా ముగ్గురి మీదా లేవు. కుడి మోకాలికి కొంచెం పక్కగా, తక్కువ ఎత్తులో, ఖాళీగా ఉన్న చోట ఉన్నాయి. ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పడం మొదలుపెట్టాను. కచేరీ వాళ్ళ దాకా బాగానే వచ్చింది. చిన్నపిల్ల దగ్గర ఇంగ్లిష్ మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎలాగో పూర్తిచేశాను.

పెద్దావిడ సంచి బల్ల మీద పెట్టి, బల్ల అంచు పట్టుకుని, ఆ పట్టీల మోకాళ్ళు వంచడం మొదలుపెట్టింది. వద్దండీ, కుర్చీ తెస్తానన్నాను. చేత్తోనే ఆగమంది. మూలుగుతూ, నామీద కాదు ఎవరిమీదో విసుక్కుంటూ, మెల్లగా కార్పెట్ మీదికి దిగి కాళ్ళు చాపుకుంది. తలెత్తి చూసింది.

ఇంతకాలం ఆవిడ ఆ బొమ్మని ఎనభై ఏళ్ళ ఎత్తులో నిలబడి చూసింది. వేసిన చెయ్యి మాత్రం ఆయన మోకాలి ఎత్తు పిల్లది.

"హే, డాడీ" అంది.

మామూలుగా అంది, సాయంత్రం పని నుంచి వచ్చినవాణ్ణి పలకరించినట్టు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆవిడకి. నేనూ ఏడ్చాను. సిగ్గేమీ వేయలేదు.

"ఏవంటోందే?" అని అత్తయ్య భయంగా నా చెవిలో అడిగారు.

"నాన్నా అంటోందండీ."

"మరి నేను చెప్పిందీ అదేగా" అంటూ ఆవిడ కూడా చీర సర్దుకుని పక్కనే చతికిలబడ్డారు. ఇద్దరూ కాసేపు అలా పైకి చూస్తూ కూర్చున్నారు. ఒకావిడ తన నాన్నని, ఇంకొకావిడ ఆయన పైన గోడకున్న తన మనిషిని.

పెద్దావిడ చెయ్యి చాచి సంచి ఇమ్మంది. అందులో రెండు చిన్న డబ్బాలున్నాయి. నుదుటి మీద వేయడానికి తెచ్చిన గోధుమరంగు డబ్బా తీసి పక్కన పెట్టేసింది. బొట్టుకేసి వేలు చూపించి, "అదుండనీ. మీ అత్తగారు తుడవొద్దంటారు" అంది. నల్లరంగు డబ్బా మూత తీయమంది. పలకని దింపి ఆవిడ ఒళ్ళో పెట్టి, నేనూ పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ అక్షరాలకి ముందు స్కేలుతో పెన్సిల్ గీతలు గీసుకుని, మళ్ళీ చెరిపి గీసుకునే మనిషి, ఆ రోజు గీత గీయకుండా వాళ్ళ నాన్న పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆగకుండా రాసేసింది. వీధి చివరికి కనపడేంత పెద్దగా.

వంటింట్లో గారెలు చల్లారిపోయాయి. ఆ రంగు ఆరేదాకా మేము ముగ్గురం ఆ కార్పెట్ మీద నుంచి లేవలేదు.